నూకాలు ఆరేసిన బొంత

ఎప్పటి మాటో నన్నడక్కండి. మా అవ్వ నాకు చెప్పింది, అవ్వకి వాళ్ళ అవ్వ చెప్పింది, ఆ అవ్వకి ఎవరు చెప్పారో ఆ ఏటికే తెలియాలి. ఒక ఏరు ఉండేది. ఏటి ఒడ్డున ఒక ఊరు, ఊరికి దిగువన ఒక చాకిరేవు, ఆ రేవులో నూకాలు అని ఒక చాకలామె.

నూకాలుకి ఇల్లంటే ఒక పాక. ఆస్తంటే ఒక గాడిద, బట్టలుడికించే ఒక బాన, ఉతికే ఒక బండ. మొగుడు పోయాడు, పిల్లల్లేరు. ఊరందరి మైలా ఆమె మూటలోకే వచ్చేది. ఆమె ఉతికిన బట్టలు పెళ్ళికూతుళ్ళు కట్టుకునేవారు గానీ, ఆమెని మాత్రం గడప దాటనిచ్చేవారు కాదు. ఆ ఊరి తీరు అది.

ఆ ఊరి పురోహితుడు సోమయాజులు గారు. ఆయన భార్య పేరిందేవి తొలికాన్పున ఆడపిల్లని కంది. పదకొండో రోజున పురిటి స్నానమైంది. ఆ స్నానం ఆమెకి సరిపోలేదు. మళ్ళీ పోసుకుంది. మళ్ళీ పోసుకుంది. చేతులు కడిగింది, మళ్ళీ కడిగింది, మళ్ళీ కడిగింది. కుంకుడుకాయలు అయిపోతే బూడిదతో తోముకుంది.

అత్తగారు మొదట మురిసిపోయింది. "మా కోడలి మడి చుట్టుపక్కల పది ఊళ్ళలో లేదు" అని చెప్పుకుంది. అమ్మలక్కలు ముక్కున వేలేసుకుని, ఇళ్ళకెళ్ళి తమ కోడళ్ళని దెప్పారు. జబ్బుని చూసి భక్తి అనుకున్నారు, అదీ వాళ్ళ తెలివి. నెల తిరిగేసరికి పేరిందేవి చేతులు చిట్లి నెత్తురోడాయి. అంతకంటే ఘోరం, ఆమె బిడ్డని ముట్టుకోవడం మానేసింది. తన చేతి మైల తగిలితే బిడ్డ చచ్చిపోతుందని ఆమె భయం. చేతులు వెనక్కి కట్టుకుని, ఉయ్యాలకి ఎడంగా నిలబడి చూసేది. చూసి ఏడ్చేది. ఏడ్చి మళ్ళీ నూతి దగ్గరికి పోయేది. పిల్లకి అత్తగారే ఉగ్గుగిన్నెతో ఆవుపాలు పట్టేది.

ఇక వైద్యాలు మొదలయ్యాయి. సోమయాజులు గారు గ్రహశాంతి చేయించాడు. తగ్గలేదు. పొరుగూరి వైద్యుడొచ్చి చేతులకి లేపనం రాశాడు. ఆయన వీధి మలుపు తిరగకముందే ఆమె కడిగేసుకుంది. భూతవైద్యుడొచ్చి వేపమండలతో కొట్టాడు. ఆ మండలు ఎవరెవరిని తాకి వచ్చాయోనని మూడు రోజులు తలంటు పోసుకుంది.

"అన్నప్రాసన దాకా చూస్తాను," అంది అత్తగారు చివరికి. "అప్పటికీ నువ్వు పిల్లని ఎత్తుకోకపోతే మా అమ్మాయికి పెంచుకోడానికి ఇచ్చేస్తాను. దానికెలాగూ పిల్లల్లేరు."

పేరిందేవి సరేనని తలూపింది. తనకి దూరంగా ఉంటేనే పిల్ల బతుకుతుందేమో అనుకుంది.

ఒకనాడు నూకాలు మైలబట్టల కోసం పెరటి గుమ్మం దగ్గరికి వచ్చింది. నూతి దగ్గర పేరిందేవి చేతులు కడుగుతోంది. నూకాలు నిలబడి చూసింది, చాలాసేపు చూసింది. ఆ కడుగుడు ఆమె ఎరిగిందే.

కొత్తకోడలుగా రేవుకొచ్చిన రోజుల్లో నూకాలు ఒక జరీ కండువా మీద మచ్చని ఉతికింది. పోయిందో లేదోనని మళ్ళీ ఉతికింది. కండువా పీలికలయ్యేదాకా ఉతికింది. అప్పుడు వాళ్ళత్త ఆమె చేతులు పట్టుకుని అంది: "మచ్చ ఎప్పుడో పోనాదే. నువ్వు ఉతికింది నీ బయాన్ని. బయం ఉతికితే పోదు. దాన్ని ఆరనియ్యాల."

అది గుర్తొచ్చి నూకాలు గుమ్మంలోంచే అంది: "సాలు తల్లీ. ఆరనీ."

పేరిందేవి తలెత్తి చూసింది. ఇన్నాళ్ళూ అందరూ ఏదో ఒకటి చెయ్యమన్నవాళ్ళే. చెయ్యకుండా ఊరుకోమన్న మనిషి ఈమె ఒక్కతే.

"నా చేతులకి ఏమీ లేదని నాకు తెలుసు నూకాలూ. తెలిసీ ఆగలేకపోతున్నాను," అంది.

"తెలిస్తే సాలదమ్మా. రేపు రేవుకి రండి."

ఇది విని అత్తగారు అంతెత్తున లేచింది. "మా ఇంటి కోడలు చాకిరేవులో కూచుంటుందటే?"

"పెద్దమ్మగోరూ, ఆ సేతులు ఒక్కపాలి సూడండి," అంది నూకాలు.

అత్తగారు చూసింది. ఈ చేతుల్ని చూసే కదా తను ఊరంతా గొప్పలు చెప్పుకుంది. "తీసుకుపో," అంది.

రేవులో నూకాలు ఒక పల్చటి తువ్వాలు తడిపి ఇసుక మీద ఆరేసింది. పేరిందేవి చేత మైలమూట ముడి ముట్టించింది. "ఈ తువ్వాలు ఆరేదాకా సెయ్యి కడగొద్దు. ఆరినాక మీ ఇట్టం," అంది.

పేరిందేవికి చెమటలు పట్టాయి. ఏటివైపు లేచింది, మళ్ళీ కూచుంది. నూకాలు ఆమెని పట్టుకోలేదు, కసరలేదు. పక్కనే కూచుని "సాలు తల్లీ, ఆరనీ" అంది. భయం పెరిగింది. ఇంకా పెరిగింది. ఇక ప్రాణం పోతుందనిపించేంత పెరిగింది. ఆ తర్వాత, ఎవరూ ఏమీ చెయ్యకుండానే, కొంచెం తగ్గింది. తువ్వాలు ఆరింది.

కథల్లో అయితే ఇది మూడు రోజుల్లో తేలిపోవాలి. తేలలేదు. మూడు రోజులు కాదు, మూడు వారాలు కాదు, మూడు నెలలు పట్టింది. రెండుసార్లు పేరిందేవి తట్టుకోలేక ఏట్లోకి పరుగెత్తి మోచేతులదాకా రుద్దుకుంది. "రేపు మళ్ళీ తడుపుదాం," అంది నూకాలు, అంతే. తువ్వాలు అయ్యాక చీర, చీర అయ్యాక దుప్పటి. ముడి ముట్టుకున్న చెయ్యి మూట విప్పింది. విప్పిన చెయ్యి మైలబట్టలు ఏరింది. ఏరిన చేతికి పగుళ్ళు మానాయి.

రేపు అన్నప్రాసన అనగా నూకాలు తన బొంత తెచ్చి తడిపింది. ఆమెకున్నది ఆ ఒక్క బొంతే, వాళ్ళత్త కుట్టింది. పేరిందేవి అత్తగారు పిల్లని ఎత్తుకుని రేవుకి దిగింది.

"ఇయ్యాల ఇది ఆరేదాకా పాప మీ ఒళ్ళో ఉంటాది," అంది నూకాలు.

పేరిందేవి చేతులకి రేవు మట్టి ఇంకా ఉంది. ఆ చేతుల్లోనే పిల్లని పెట్టారు. పిల్ల గుక్కపట్టి ఏడ్చింది. సరిగ్గా అప్పుడే ముసురు పట్టింది. సన్నటి తుంపర, విడవని తుంపర. ఇక బొంత ఆరే మాటే లేదు.

నూకాలు తాటాకు గొడుగు తెచ్చి తల్లీపిల్లల మీద పట్టింది. ఇన్నాళ్ళూ ఆరేదాకా, ఆరేదాకా అని చెప్పిన నోరు, ఇప్పుడేమని చెప్పాలి? ఏడుస్తున్న పిల్ల తల్లి వేలు పట్టుకుంది. పట్టుకుని నోట్లో పెట్టుకుంది. పేరిందేవి కళ్ళు గట్టిగా మూసుకుంది. వేలు మాత్రం లాక్కోలేదు. పిల్ల చప్పరించింది, వెక్కింది, నిద్రపోయింది.

చాలాసేపటికి పేరిందేవి కళ్ళు తెరిచింది.

"నూకాలూ, బొంత ఆరలేదు."

"లేదమ్మా," అంది నూకాలు.

"పోనీలే. ఎప్పుడారితే అప్పుడే ఆరుతుంది," అని పేరిందేవి పిల్లని ఇంకాస్త దగ్గరికి తీసుకుంది.

గొడుగు పట్టుకునే నూకాలు ఏడ్చేసింది. పిల్లని ఎవరికీ ఇవ్వలేదు.

ఆ తర్వాత రేవుకి చాలామంది వచ్చారు. తలుపు గడియ వేశానో లేదోనని పొలం నుంచి పదిసార్లు వెనక్కి పరుగెత్తే రైతు వచ్చాడు. సంతలో జనాన్ని చూస్తే ఊపిరాడని కుమ్మరాయన వచ్చాడు. బిడ్డ పోయిన దగ్గర్నుంచి నోరు విప్పని తల్లి వచ్చింది. అందరికీ తువ్వాలు పనిచెయ్యలేదు. అది పనిచెయ్యని వాళ్ళ పక్కన నూకాలు ఊరికే కూచుంది. ఎంత గొప్ప మనసో చూడండి, ఒక్కరినీ లేచి పొమ్మనలేదు.

నిండు వయసులో నూకాలు పోయింది. ఆ పాకకి అందరికంటే ముందు వచ్చింది పేరిందేవి. అప్పటికి ఆమె జుట్టు నెరిసిపోయింది. నూకాలు పాదాలు రెండు చేతులా పట్టుకుని భోరున ఏడ్చింది. సాగనంపడం అయ్యాక ఆమె స్నానానికి ఏట్లో దిగుతుందని ఊరంతా చూస్తోంది. ఆమె దిగలేదు. నూకాలు బొంతని తడిపి, ఇసుక మీద ఆరేసి, పక్కన కూచుంది. అది పూర్తిగా ఆరాకే లేచింది.

ఇప్పటికీ ఆ ఏటి ఒడ్డు ఊళ్ళలో ఎవరి మనసైనా చెదిరితే దయ్యం పట్టిందనరు, మండలు విరవరు. పట్నంలో డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళినా, ఇంటికొచ్చాక పొరుగువాళ్ళెవరో ఒకరు తువ్వాలు తడిపి తెస్తారు. దాన్ని వాకిట్లో ఆరేసి, "సాలు, ఆరనీ" అని ఆ మనిషి పక్కన కూచుంటారు. తువ్వాలు ఆరేదాకా లేవకూడదు, అదొక్కటే నియమం. ముసురు రోజైతే ఇంకాస్త సేపు కూచుంటారు.