ఫారంలో చోటులేని ఎర్ర పంపు

"ఫారంలో ఆకుపచ్చ పంపులెన్నో రాయమన్నారు, అంతే. ఎర్ర పంపుల పని మానేయమని ఎవరూ అనలేదు. సంతకం పెడితే తప్పేముంది మాస్టారూ?" అని సలోమి అడిగింది.

మాది పల్లెల్లో బోరు నీళ్లు పరీక్షించే చిన్న సంఘం. నీళ్లు తాగదగినవైతే పంపుకు ఆకుపచ్చ రంగు, ఫ్లోరైడ్ ఎక్కువుంటే ఎరుపు. కుంచె పట్టేది ఎప్పుడూ ఆ ఊరి మనిషే. అది సంఘం నడిపే మస్తానయ్య మాస్టారు పెట్టిన పద్ధతి. ఏడాదిగా నగరంలోని ఒక ఫౌండేషన్ ఇచ్చే నిధులతో నడుస్తున్నాం. మరో మూడేళ్లు ఇస్తామంటూ వాళ్లు కొత్త ఫారం పంపారు. సంతకం పడకపోతే వచ్చే నెల నుంచి సలోమికీ నాకూ, ఇంకో ముగ్గురికీ జీతం లేదు.

మాస్టారు ఫారం చదివి, మడిచి జేబులో పెట్టుకున్నారు.

"నేలకుంటపాడు పోదాం. ఎర్ర రంగు డబ్బా తీసుకురా అమ్మాయ్."

డబ్బా మూత రాలేదు. స్క్రూడ్రైవర్‌తో పెకలిస్తే రంగు పైన అట్టకట్టి, అడుగున చిక్కబడి ఉంది. పక్కనే పదకొండు ఆకుపచ్చ డబ్బాలు, అన్నీ ఖాళీ. మమ్మల్ని ఎవరూ కొనలేదు, బెదిరించలేదు. ఫౌండేషన్‌కు పంపే లెక్కలో ఆకుపచ్చ పంపుల సంఖ్య పెరుగుతుందని మంచి నీళ్లున్న ఊళ్లకే మళ్లీ మళ్లీ వెళ్లాం. 'అట్టడుగు ప్రజల పక్షాన' అని గోడ మీద రాసుకున్న ఆఫీసులోంచే బయల్దేరి వెళ్లాం. సలోమి కిరసనాయిలు పోసి రంగు కలిపింది.

నేలకుంటపాడులో పోయినేడు కొత్తగా వేసిన బోరు దగ్గర ఆ ఊరి ఆదెమ్మ బిందె నింపుతోంది. ఆమె కోడలికి ఏడో నెల. ఇంట్లో అందరూ తాగేది ఆ నీళ్లే. సలోమి గాజు గొట్టంలో కాసిని నీళ్లు పట్టి మందు చుక్కలు వేసింది. నీళ్లకొచ్చిన గులాబీ రంగు కాసేపటికి పసుపుకు తిరిగింది. అంటే ఫ్లోరైడ్ ఎక్కువ, ఆ నీళ్లు తాగకూడదు.

"ఈ నీళ్లు మంచివని ఎవరు చెప్పారు పెద్దమ్మా?" అంది సలోమి.

"ఎవురూ చెప్పలా. మీరు రావడం మానేశారుగా, బాగుండబట్టే రాలేదనుకున్నాం."

సలోమి పసుపు తిరిగిన గొట్టం చూపించి, ఇవి తాగొద్దని చెప్పింది. ఆదెమ్మ నిండిన బిందెను అక్కడే ఒంపేసి, చెయ్యి చాచింది.

"ఇటియ్యి ఆ కుంచె. ఎర్ర రంగు కరువైందా ఏంది, ఏడాది పట్టింది మీకు?"

ఆమె రంగు పూస్తుంటే మాస్టారు జేబులోంచి ఫారం తీశారు. ఆకుపచ్చ పంపుల గడి కింద పెన్నుతో మరో గీత గీసి, 'ఎర్ర పంపులు' అని రాసి, ఎదురుగా ఒకటి అంకె వేశారు. అడుగున సంతకం పెట్టి సలోమి చేతికిచ్చారు.

"ఇలాగే పంపించు."

"వాళ్ల ఫారం మనం మారిస్తే ఒప్పుకోరు మాస్టారూ. డబ్బులు ఆపేస్తారు. అప్పుడేం చేద్దాం?"

మాస్టారు కళ్లజోడు తుడుచుకున్నారు.

"ఈ ఊళ్లో ఇంకో బోరు ఎక్కడుందో ఆదెమ్మనడుగు."