సుంకమ్మ సంగటి రేటు

ఈ సంగతి మొదట చెప్పినవాడు బండల కాశీం. బేతంచెర్ల పాలిష్ ఫ్యాక్టరీల్లో బండలు మోసీ మోసీ నడుం పట్టేసిన మనిషి. ఆ మధ్యాహ్నం సుంకమ్మ కొట్లో బల్ల మీద కూర్చుని సంగటి తింటూ అంతా కళ్ళారా చూశాడు. అతని తర్వాత చెప్పినవాళ్ళంతా విన్నవాళ్ళే. అందులోనూ సగం మంది గంగాధరం హోటల్లో విన్నవాళ్ళు.

వంటమేస్త్రి మద్దిలేటయ్యకు ఒక అలవాటు ఉండేది. శిష్యులు ఏదన్నా అడిగితే నోటితో జవాబు చెప్పేవాడు కాదు. పప్పు ఎంతసేపటికి ఉడుకుతుందని ఒకడు అడిగితే, బోరు దగ్గరికి పోయి ఒక చెంబు నీళ్ళు తాగి రమ్మన్నాడు. ఆ ఉప్పునీళ్ళలో పప్పు త్వరగా ఉడకదని వాడికి తట్టడానికి మూడు పెళ్ళిళ్ళు పట్టింది.

ఆయన వెంట పెళ్ళివంటలకు తిరిగి పని నేర్చుకున్నవాళ్ళలో సుంకమ్మ ఒకతె. మొగుడు పోయాక ఫ్యాక్టరీల రోడ్డు పక్కన రేకుల కొట్టు వేసుకుని, రాగిసంగటి, ఊరిబిండి పెట్టేది. వేయించిన చెనక్కాయ గింజలు, పచ్చిమిరపకాయలు, చింతపండు, ఉల్లిగడ్డ రోట్లో కచ్చాపచ్చాగా నూరితే అది ఊరిబిండి. ముద్ద నలభై రూపాయలు, ఊరిబిండి ఎంత అడిగితే అంత. రోడ్డుకు అవతల గంగాధరం హోటల్లో అదే ముద్ద అరవై. సుంకమ్మ కొట్లో చోటు చాలక నిలబడి తినిపోయేవాళ్ళు. అయినా సాయంత్రానికి ఆమె చేతిలో మిగిలేది మరుసటి రోజు సరుకులకు, ఇంటి ఖర్చుకే సరిపోయేది.

అప్పుడు పెద్ద ఫ్యాక్టరీ ఓనరు ఒక కబురు పంపాడు. తన పనివాళ్ళందరికీ మధ్యాహ్నం తిండి పెట్టాలి, ఏడాది పొడుగునా ఒకటే రేటు, మధ్యలో పెంచేది లేదు. గంగాధరం యాభై రెండు చెప్పాడు. సుంకమ్మ ఎంత చెబుతుందో ఎల్లుండి వచ్చి చెప్పాలి. తక్కువ చెబితే ఏడాది పాటు ఆ రేటుకు కట్టుబడి ఉండాలి. ఎక్కువ చెబితే బేరం రోడ్డు దాటిపోతుంది. ఆ బేరం దొరికితే కూతుర్ని కర్నూలు హాస్టల్లో చేర్చాలని ఆమె ఆశ.

సుంకమ్మ మేస్త్రి ఇంటికి పోయి కూర్చుంది. రాగిపిండి, నూకలు, చెనక్కాయలు, గ్యాసు, విస్తర్లు, కొట్టు బాడుగ, అన్నీ వరసగా చెప్పింది. ఎక్కడా తడబడలేదు. ముద్దకు ముప్పై నాలుగు పడుతుందని, నలభైకే ఒప్పుకుంటానని, అది చాలునా అని అడిగింది. మద్దిలేటయ్య అంతా విని, ఇంకేమన్నా ఉందా అన్నాడు.

"ఇంకేముందయ్యా. మిగతాదంతా ఇంట్లోదే."

ఆయన రేపు మధ్యాహ్నం తినడానికి వస్తానన్నాడు.

వచ్చింది సరిగ్గా ఫ్యాక్టరీలు భోజనానికి వదిలే వేళకు. కొట్లో కాలు పెట్టే సందు లేదు. మేస్త్రి కాశీం పక్కన కూర్చుని, పొయ్యి వెనక తడిక వైపు చూసి, ఈరమ్మా, ఇటు రా తల్లీ అని పిలిచాడు. ఈరమ్మ సుంకమ్మకు అత్త. తెల్లారింది మొదలు ఆ తడిక వెనక రోటి ముందే ఉండేది. ఊరిబిండి ఆమె చేతిదే. మిక్సీలో వేస్తే పిండిలా అయిపోతుందని, బండలు మోసేవాళ్ళు ముట్టరని ఆ రోడ్డంతా ఎరిగిన విషయం.

ఈరమ్మ కొంగుతో చేతులు తుడుచుకుంటూ వచ్చింది. తన పక్కన చోటు చూపించి, సుంకమ్మతో, ఈమెకూ ఒక ముద్ద పెట్టమన్నాడు మేస్త్రి. జనమున్నారు, తర్వాత తింటానంది ఈరమ్మ.

"నువ్వు జనం కాదా?" అన్నాడాయన.

గురువు మాట. సుంకమ్మ విస్తరి వేసి పెట్టింది. అంతలోకే ఊరిబిండి గిన్నె అడుగంటింది. బిండి ఏదక్కా అని ఒక మూల నుంచి, ఒట్టి సంగటి గొంతు దిగడం లేదని ఇంకో మూల నుంచి కేకలు. సుంకమ్మ పొయ్యి మీది సంగటి వదిలేసి రోటి దగ్గరికి ఉరికింది. నూరుతూ ఉంటే ఇటు కుండ మాడు వాసన కొట్టింది. కుండ దించడానికి వస్తే అటు పచ్చడి నలగలేదు. తినడానికి చేతులు కడుక్కుని నిలబడ్డ లారీ డ్రైవరొకడు, "అవ్వ కూర్చుంటే కొట్టు కూడా కూర్చునిందే" అని నవ్వి రోడ్డు దాటిపోయాడు. అతని వెనక ఇంకో నలుగురు పోయారు. గంగాధరం గుమ్మంలో నిలబడి చూస్తూనే ఉన్నాడు.

ఈరమ్మ లేవబోయింది. ముద్ద మధ్యలో లేవకూడదని మేస్త్రి మళ్ళీ కూర్చోబెట్టాడు.

సుంకమ్మ నలగని బిండే గిన్నెలోకి తీసుకుని వచ్చి, వడ్డించబోయి ఆగిపోయింది. ఈరమ్మ కుడిచెయ్యి విస్తరి మీద నుంచి జానెడు కూడా లేవడం లేదు. చెయ్యి నోటి దాకా రాక, నోటినే చేతి దగ్గరికి వంచుకుని తింటోంది. ఇంట్లో ఆమె అందరి తర్వాత, గోడ వైపు తిరిగి తినేది. కోడలు ఎప్పుడూ చూసి ఎరగదు. సుంకమ్మ ఆ బిండి ముందు ఈరమ్మ విస్తర్లోనే వేసిందని కాశీం చెప్పాడు.

ఈరమ్మ తల ఎత్తకుండానే, "ఉప్పు తక్కువైంది మే" అంది.

మద్దిలేటయ్య చెయ్యి కడుక్కుని వచ్చి ఎనభై రూపాయలు బల్ల మీద పెట్టాడు. సుంకమ్మ నలభై వెనక్కి జరిపింది.

"మా అత్త తిన్నదానికి ఆమె పేరు మీద డబ్బులు తీసుకుంటానా అయ్యా?"

"రోజూ తీసుకుంటూనే ఉన్నావు కదా," అన్నాడు మేస్త్రి. "ఈ పొద్దు ఎందుకు మొహమాటం?"

అంతే. చెప్పులేసుకుని వెళ్ళిపోయాడు.

మరుసటి రోజు సుంకమ్మ ఓనరు దగ్గరికి పోయి, రోటి దగ్గర ఇద్దరు మనుషుల కూలి కలుపుకుని, యాభై ఆరు చెప్పింది. బేరం గంగాధరానికి పోయింది. కూతురు ఆ ఏడు కర్నూలు పోలేదు, ఊళ్ళో బడికే పోయింది. కొట్లో ముద్ద నలభై ఎనిమిదైంది. నిలబడి తినేవాళ్ళు తగ్గారు. ఇప్పుడు రోటి దగ్గర జీతానికి ఒక మనిషి ఉంది. ఈరమ్మ ముందు బల్ల మీద కూర్చుని తిని, ఉప్పు సంగతి చెబుతుంది.

గంగాధరం మాత్రం, మద్దిలేటయ్య యాభై ఆరు చెప్పమని చెప్పి శిష్యురాలి బేరం చెడగొట్టాడని తన హోటల్లో ఈనాటికీ చెబుతున్నాడు. ఆ పొద్దు పెట్టింది ఉల్లికారమని కూడా అంటాడు. పెట్టింది ఊరిబిండి. మేస్త్రి ఒక్క అంకె కూడా చెప్పలేదు. కాశీం ఇంకా బతికే ఉన్నాడు, అడగొచ్చు. గంగాధరం హోటల్లో తినేవాళ్ళు ఎవరన్నా ఉంటే, చెయ్యి కడుక్కున్నాక ఆయనకు ఈ మాట సరిగ్గా చెప్పిపోండి. ఆయన పచ్చడి ఎవరు నూరుతున్నారో కూడా ఒకసారి లోపలికి చూసి రండి.