ఆలస్యంగా పూసిన ఖుబానీ

అనగనగా మంచుకొండల మీద ఒక ఊరుండేది నాన్నా. అక్కడ చలికాలం వచ్చిందంటే చెంబులో నీళ్ళు రాయిలా గడ్డకట్టేవి. బార్లీ తప్ప వేరే పంట లేదు. ఊళ్ళో పండ్లచెట్టు ఒక్కటీ లేదు.

ఆ ఊరికి కింది లోయ నుంచి యాంగ్డోల్ అనే పిల్ల కోడలుగా వచ్చింది. ఆమె పుట్టింటి చుట్టూ ఖుబానీ చెట్లే. ఖుబానీ అంటే ఒక పండు, రేగుపండు కన్నా పెద్దగా, బంగారు పసుపురంగులో ఉంటుంది.

యాంగ్డోల్ పుట్టింటి నుంచి ఒక మొక్క తెచ్చి నాటింది. మొదటి చలికే అది చచ్చిపోయింది.

ఆ తర్వాత ఇంకోటి తెచ్చింది. గడ్డి చుట్టి కొన్నేళ్ళు కాపాడింది. అది పూసింది కూడా. పూసిన వెంటనే మంచు కురిసి పూతంతా నల్లబడి రాలిపోయింది.

ఊళ్ళో కాలవ నీళ్ళు పంచేది తుందుప్ తాత. బార్లీకే నీళ్ళు చాలడం లేదనీ, ఇంకొక్క చెట్టుకి మాత్రం ఒప్పుకుంటాననీ, అదీ కాయకపోతే నరికేస్తాననీ చెప్పాడు.

అప్పుడు యాంగ్డోల్ ఊరి వెనక ఎండ తగలని కొండవాలు మీదికి వెళ్ళింది. అక్కడ బండల మధ్య వంకర ఖుబానీ ఒకటుంది. కాయలు చిన్నవి, పుల్లనివి. ఎవరూ పట్టించుకోరు. ఇంత చలిలో బతికింది, మా పెరట్లో బతకదా అనుకుని దాని గింజలు తెచ్చి పాతింది. వాటిలో ఒకటి మొలిచింది.

ఏళ్ళు గడిచాయి. చెట్టు నిలువెత్తు అయింది. ఆ వసంతంలో కింది లోయంతా పూసిందని కబురొచ్చింది. ఈ చెట్టుకి మాత్రం చిగురైనా లేదు. తుందుప్ తాత గొడ్డలి పట్టుకుని వచ్చాడు.

యాంగ్డోల్ చెట్టుకి అడ్డంగా నిలబడింది. అయినా గొంతు పెంచలేదు.

"తాతా, బెరడు గోరుతో గీసి చూడు. లోపల పచ్చగా లేకపోతే నేనే నరుకుతాను."

తాత గీశాడు. లోపల పచ్చగా, తడిగా ఉంది. గొడ్డలి భుజాన వేసుకుని వెళ్ళిపోయాడు.

ఆ తర్వాత పెద్ద మంచు కురిసింది. కింది లోయలో పూత మొత్తం పోయింది. మంచు కరిగాక, అప్పుడు పూసింది యాంగ్డోల్ చెట్టు. ఎండాకాలానికి కొమ్మకొమ్మకీ కాయలే.

మొదటి పండు తీసుకెళ్ళి తుందుప్ తాత చేతిలో పెట్టింది. పళ్ళు లేని నోటితో ఆయన చాలాసేపు చప్పరించాడు. గింజ మాత్రం పారెయ్యలేదు.

మర్నాడు కాలవగట్టు దగ్గర ఆయన గొయ్యి తవ్వుతున్నాడు. యాంగ్డోల్‌ని చూసి తలెత్తి అడిగాడు.

"ఎంత లోతులో పాతాలమ్మా?"

కథ పోయె కంచికి,
కునుకొచ్చె కంటికి.