సూదమ్మ సబ్బు, రెండో రాయి

అనగనగా ఒక అడవి. ఆ అడవి కొసన, కానుగ చెట్ల కింద ఒక ముళ్లపంది ఉండేది. పేరు సూదమ్మ. నవ్వకండి, ఒళ్లంతా సూదులున్నదానికి మల్లెమ్మ అని పెడతారా?

సూదమ్మ సబ్బులు చేసేది. చవుడు మట్టిలో సున్నం, నీళ్లు కలిపి వడగడితే ఘాటు నీళ్లు వస్తాయి. తాకితే చుర్రుమంటాయి. వాటిని కానుగ నూనెలో పోసి, చిక్కబడేదాకా కర్రతో తిప్పాలి. నెల రోజులు ఆరనిస్తే ఘాటు పోయి సబ్బవుతుంది.

కుండ దగ్గర రెండు రాళ్లు ఉండేవి. ఒకటి తనకు. రెండోది ఎవరైనా వస్తే కూర్చోవడానికి. ముళ్లు గుచ్చుకుంటాయని ఎవరూ వచ్చేవారు కాదు. దాని మీద ఎండుటాకులే కూర్చునేవి.

ఒకరోజు ఎలుగుబంటి వచ్చాడు. "అక్కా, ఇందులో దోసెడు తేనె పోద్దామా?"

తేనె పోస్తే వేడెక్కిపోతుందని సూదమ్మకు తెలుసు. వద్దంటే వెళ్లిపోతాడేమో! "సరే తమ్ముడూ," అంది.

సబ్బు కుతకుతా పొంగి, నడిమికి పగిలింది. "ఇదేంటక్కా, ఎండిన చెరువులా ఉంది!" అంటూ ఎలుగు వెళ్లిపోయాడు.

తర్వాత నెమలి వచ్చాడు. "పిన్నీ, సంపెంగ రేకులు వెయ్యి. నా అందానికి ఆ మాత్రం వాసన ఉండొద్దూ?"

ఘాటుకు పూలు మాడిపోతాయని సూదమ్మకు తెలుసు. అయినా, "సరే బాబూ," అంది.

రేకులు నల్లబడ్డాయి. "ఇవి రేకులా, ఈగలా?" అని నెమలి తోక విదిలించుకుని పోయాడు.

ఆ తర్వాత కోతి వచ్చాడు. "అత్తా, నిమ్మరసం పిండు. జిడ్డు ఇట్టే పోతుంది."

పులుపు ఆ ఘాటును తినేస్తుందని సూదమ్మకు తెలుసు. అయినా, "సరే అల్లుడూ," అంది.

సబ్బు గట్టిపడలేదు. పైన నూనె తేలింది. కోతి వేలు ముంచి చూశాడు. "దీంతో స్నానం చేస్తే మళ్లీ స్నానం చెయ్యాలత్తా!" అని కొమ్మెక్కేశాడు.

మూడు కుండలూ పోయాయి. ముగ్గురూ పోయారు. ఇక ఒక్క కుండకు సరిపడా నూనే మిగిలింది.

అప్పుడే ఎలుగు మళ్లీ వచ్చాడు. "ఈసారి రెండు దోసిళ్లు పోద్దామక్కా!"

సూదమ్మ రెండో రాయి వంక చూసింది.

"వద్దు తమ్ముడూ, మళ్లీ పగులుతుంది. కావాలంటే కూర్చో. ఇద్దరం తిప్పుదాం."

"తిప్పితే తియ్యబడుతుందా ఏంటి?" అని మూతి ముడుచుకుని వెళ్లిపోయాడు.

సూదమ్మ ఒక్కతే తిప్పింది. ఒక్కతే ముక్కలు కోసి ఆరబెట్టింది. రోజూ వాటిని అటూ ఇటూ తిప్పుతూ, రాయి మీది ఎండుటాకుతో, "ఇవాళ్టికి పన్నెండు రోజులు," "ఇవాళ్టికి ఇరవై," అని చెప్పేది. ఆకు ఊ కొట్టదు కదా! అయినా చెప్పేది.

ముప్పయ్యో రోజున ఒక ముల్లు పీకి సబ్బులో గుచ్చింది. ముల్లు శుభ్రంగా వచ్చింది. నాలుక కొసకు ఆనించింది. చుర్రుమనలేదు. (మీరు మాత్రం సబ్బు నాకకండి, మీ అమ్మ నన్ను తిడుతుంది.)

కొత్తగా తీసిన కానుగ నూనె కుండలో పోసి, మళ్లీ కర్ర అందుకుంది. అంతలో పొదలు కదిలాయి. ఎలుగుబంటి! ఒళ్లంతా తేనె, తేనె నిండా ఆకులు. నడిచే పొదలా ఉన్నాడు.

"నవ్వొద్దక్కా. తేనెపట్టు మీద పడింది. వాగులో ఎంత నానినా వదలట్లేదు."

సూదమ్మ నవ్వు ఆపుకుని సబ్బు ఇచ్చింది. వాగులో రుద్దుకుంటే తెల్లటి నురగ వచ్చింది. ఆకులన్నీ రాలిపోయాయి. ఎలుగు నిగనిగలాడుతూ వచ్చి నిలబడ్డాడు.

"నెలంతా ఒక్కదానివే కూర్చున్నావా అక్కా?"

"ఒక్కదాన్నే ఏంటి? అదుగో, ఆకు ఉందిగా."

ఎలుగు ఆ ఎండుటాకును మెల్లగా తీసి పక్కన పెట్టాడు. ముళ్లు తగలకుండా రాయిని ఒక జానెడు దూరం జరిపాడు.

"ముళ్లు కాస్త అటు తిప్పుకో," అని దాని మీద కూర్చున్నాడు. "ఊఁ, ఆ కర్ర ఇలా ఇవ్వు."

నీతి: తోడు పోతుందేమోనని తప్పని తెలిసినా సరే అంటే, పని చెడుతుంది, తోడూ మిగలదు. మంచిగా 'వద్దు' అని చెప్పండి. మనవాళ్లయితే మళ్లీ వస్తారు.