విరిగిన వేపపుల్ల

పిల్లలూ, మన ఊళ్లకు ఇంత దూరంగా పెరుగుతున్నారు కదా, ఈ కథ మీ చెవిన పడి ఉండదు. వినండి.

కృష్ణ ఒడ్డున, కొండమీది ఆరామంలో నందభూతి అనే ముసలి భిక్షువు వైద్యం చేసేవాడు. ఆయన శిష్యుడు చందసిరి. చెయ్యి చురుకు, మాట ఇంకా చురుకు.

అక్కడొక ఆనవాయితీ ఉండేది. రోగిని మోసుకొచ్చినవాళ్లు, "బతుకుతాడు" అని వైద్యుడి నోట వినేదాకా పొయ్యి రాజేసేవాళ్లు కారు.

ఒకనాడు గురువు లేనప్పుడు గొర్రెల కాపరి కొమరన్నను తెచ్చారు. ఆమధ్య కాల్లో ముల్లు దిగింది. పుండు మానింది గానీ మెడ పట్టేసింది, ఒళ్లు బిగుస్తోంది. తల్లి పోలమ్మ పస్తుతో గడప దగ్గర కూర్చుంది.

చందసిరి సూదితో అరికాలు పొడిచాడు. ఆ కాలు ఠక్కున ముడుచుకుంది. రెండో కాలు చాపుకుని బిగిసింది. ప్రాణం గట్టిగానే ఉందనుకున్నాడు.

"పొయ్యి రాజెయ్యమ్మా. కొడుక్కి జావ కాయి."

గురువు కొండెక్కి వచ్చేసరికి పొగ లేస్తోంది.

"ఎవరు చెప్పారు?"

"నేనే, భంతే. సూది తగిలీ తగలకముందే కాలు లాక్కున్నాడు. అంత చురుకు నేనెక్కడా చూడలేదు."

"చూడలేదు కదా? మరి నోరు చూశావా?"

"ముల్లు దిగింది కాల్లో, భంతే. నోరెందుకు?"

నందభూతి వేపపుల్ల ఒకటి విరిచాడు. "నోరు తెరు."

పుల్ల కొస గొంతు వెనక తాకింది. చందసిరికి డోకొచ్చింది. వద్దన్నా దవడ ఇంకా పెద్దగా తెరుచుకుంది.

"పోటు తగిలితే కాలు వెనక్కి పోతుంది. దవడకు వెనక్కి పోయే చోటు లేదు. తెరుచుకోవడమే దాని పారిపోవడం."

ఇంకో పుల్ల విరిచి, కొమరన్న పళ్ల సందున మెల్లగా దూర్చి గొంతు తాకించాడు.

దవడ తెరుచుకోలేదు. కటుక్కున మూసుకుంది. పుల్ల రెండు ముక్కలైంది. "ధనుర్వాతం. ఇక బతకడు," అన్నాడు నందభూతి శిష్యుడి చెవిలో. రెండు చెంపల మీదా కండ రాయిలా లేచింది. కళ్లు మాత్రం తెలివిగానే ఉండి, ఇద్దర్నీ మార్చి మార్చి చూస్తున్నాయి.

చందసిరి చేతిలో సూది ఇంకా అలాగే ఉంది.

అప్పుడే పోలమ్మ ముంత పట్టుకుని లోపలికొచ్చింది. "చల్లార్చి తెచ్చాను సామీ. నాలుగు చుక్కలు పొయ్యండి. నిన్నట్నుంచీ గుటక దిగలేదు నా బిడ్డకు."

చందసిరి గురువు వైపు చూశాడు, ఆయన చెబుతాడేమోనని.

"నువ్వే చెప్పు నాయనా," అన్నాడు నందభూతి. "నీ దవడ తెరుచుకుంటుంది."

పిల్లలూ, దీన్ని మీ దగ్గరే ఉంచేసుకోకండి. ముల్లు దిగిన కాలిని ఎవరైనా కడక్కుండా వదిలేస్తుంటే, పక్కన కూర్చోబెట్టుకుని చెప్పండి.