శేషం మిగలని వరస

పూర్వం కుందవరాన్ని గండదేవరాజు ఏలేవాడు. ఆయనకు అన్నీ కొలిచినట్టుండాలి. పూలదండలో ఒక్క పువ్వు అటూ ఇటూ అయినా మాలకరికి చీవాట్లు తప్పేవి కావు.

పొరుగు రాజుతో యుద్ధం వచ్చింది. రాజుగారు కోట దాటలేదు. కుందవరమే గెలిచింది గానీ, పన్నెండువందల యాభైతొమ్మిది మంది తిరిగిరాలేదు. ఒక్కొక్కరి పేరున ఒక వీరశిల చెక్కించి, యుద్ధభూమిలో సమానమైన వరసల్లో నిలపమని రాజాజ్ఞ అయింది.

ఆస్థాన గణకుడు నరహరి సోమయాజి లెక్కలు కట్టి కట్టి తల పట్టుకున్నాడు.

"మహాప్రభూ, ఇది మొండి సంఖ్య. దేనితో భాగించినా శేషం మిగులుతోంది. అన్నీ ఒకే బారుగా పేర్చడం తప్ప దారిలేదు."

"నా రాజ్యంలో నాకు లొంగని సంఖ్యా?" రాజు మండిపడ్డాడు.

"ఒక్క శిల తీసేస్తే లొంగుతుంది ప్రభూ. ముప్ఫై నాలుగు వరసలు, వరసకు ముప్ఫై ఏడు. డప్పు మైలారయ్య కత్తి పట్టినవాడు కాదు గదా! అతనిది తీసేద్దాం."

రాజు తలూపాడు.

కొలువును నవ్వించే కొమ్మనకు ఆ మాటతో కడుపు రగిలింది. ఒళ్ళంతా బాణాలు దిగినా మైలారయ్య డప్పు ఆపలేదు. ఆ మోత వినే చెదిరిన సేన మళ్ళీ కూడింది. ఇప్పుడతని భార్య పోలమ్మకు ఏమని చెప్పాలి? నీ మొగుడు లెక్కలో మిగిలిపోయాడనా?

"ప్రభూ, ఏ శిలా తీయను, కొత్తది చెక్కించను. అయినా వరసలు సరిచేస్తాను. చేయలేకపోతే నా తల తీయించండి" అన్నాడు కొమ్మన లేచి.

"సరే, కానీ! తప్పావో, తల దక్కదు" అన్నాడు రాజు.

ప్రతిష్ఠ నాడు రాజు పరివారంతో వచ్చాడు. ముప్ఫై ఆరు వరసలు, వరసకు ముప్ఫై అయిదు. చివరి వరస కొసన మాత్రం ఒక చోటు ఖాళీగా ఉంది.

"కొమ్మనా! ఇదేనా నువ్వు సరిచేసింది?"

"కాస్త దగ్గరికొచ్చి చూడండి ప్రభూ. ఇంకొంచెం ముందుకు... ఆఁ, అక్కడే ఆగండి. సోమయాజిగారూ, ఇప్పుడు లెక్కపెట్టండి!"

సోమయాజి లెక్కపెట్టాడు. "సరిపోయింది ప్రభూ... తమతో కలిపి."



"వీళ్ళంతా మీ మాట మీద వెళ్ళి నిలబడ్డవాళ్ళు ప్రభూ. మీరొచ్చి వీళ్ళ పక్కన నిలబడితేనే ఈ లెక్క తేలుతుంది" అన్నాడు కొమ్మన, చేతులు జోడించి.

రాజు ముఖం కందగడ్డయింది. పక్కనున్న శిలవైపు చూశాడు. దానిమీద డప్పు చెక్కి ఉంది. చాలాసేపు దాన్నే చూసి, కిరీటం తీసి సేవకుడి చేతికిచ్చాడు. పూజ ముగిసేదాకా ఆ ఎండలో అడుగు కదపలేదు.

ఆ తరువాత కొమ్మనను పిలిచాడు.

"బతికుండగానే నన్ను రాయిని చేశావు గదయ్యా!" అని నవ్వాడు. కళ్ళు మాత్రం తడిగా ఉన్నాయి. మెడలోని హారం తీసి కొమ్మన మెడలో వేశాడు.

"ఈ చోట ఎవరినీ రాయి పాతనివ్వకు. ఏటా వస్తాను."