ఫ్యాన్ల మీద పట్టుగుడ్డ

ఆ వేసవిలో శరభయ్యకు లాప్‌టాప్ పెద్ద తలనొప్పి అయింది. మఠంలో తరతరాలుగా పాడుకునే తత్వాలను పుస్తకంగా తెచ్చే పని గురువుగారు అతనికి అప్పగించారు. రికార్డు చేయకూడదు, పాడేవారి ఎదురుగా కూర్చుని రాసుకోవాలి. అది అక్కడి ఆచారం. అతను టైపు చేస్తుండగానే లాప్‌టాప్ పెనంలా కాలిపోయి టక్కున ఆరిపోయేది.

అన్నిటికన్నా పెద్ద బెంగ సుభద్రమ్మగారి తత్వం. ఆవిడకు ఎనభై దాటాయి. ఆ పాట మొత్తం వచ్చినవారు ఇక ఆవిడొక్కరే. రెండుసార్లు బస్సెక్కి వచ్చారు, రెండుసార్లూ లాప్‌టాప్ ఆరిపోయి పాట సగంలోనే ఉండిపోయింది.

మూడోసారి ఆవిడ వచ్చేలోగా శరభయ్య లాప్‌టాప్ కింద పెట్టడానికి ఒక కూలర్ తయారుచేశాడు. ప్లైవుడ్ ముక్కకు రెండు కంతలు కోసి, పాడైన కంప్యూటర్‌లోని చిన్న ఫ్యాన్లు బిగించాడు. పాత ఛార్జర్ తీగ కోసి, ఎర్రదాన్ని ఎర్రదానికి, నల్లదాన్ని నల్లదానికి మెలేసి టేపు చుట్టాడు. సీసా మూతలు అంటించి కాళ్లు పెట్టాడు. యూఎస్‌బీ గుచ్చగానే రెండూ తిరిగాయి. అప్పుడు చూడాలి అతని మొహం. మఠంలో కనబడ్డవారందరిచేతా చెయ్యి పెట్టించి గాలి చూపించాడు. వంటాయనను రెండుసార్లు పిలిచాడు.

సుభద్రమ్మగారు వచ్చి పాట ఎత్తుకున్నారు. గురువుగారు గోడకు ఆనుకుని వింటున్నారు.

"ఆగండమ్మా, ఆ మాట మళ్లీ చెప్పండి. ఒక్క అక్షరం పోకూడదు" అన్నాడు శరభయ్య.

ఆవిడ మళ్లీ చెప్పారు. రెండో చరణంలో మూడుసార్లు ఆపాడు. మూడో చరణానికి ఆవిడ తడబడ్డారు.

"తర్వాతది రావట్లేదు నాయనా" అని తల దించుకున్నారు.

సరిగ్గా అప్పుడే లాప్‌టాప్ కూడా ఆరిపోయింది. శరభయ్యకు ఏడుపొక్కటే తక్కువ.

"ఇప్పటిదాకా ఫ్యాన్లు తిరుగుతూనే ఉన్నాయి స్వామీ."

గురువుగారు లేచి వచ్చి లాప్‌టాప్ ఎత్తారు. దాని కింద, ఫ్యాన్లను పూర్తిగా కప్పేసి, నాలుగు మడతల పట్టుగుడ్డ ఉంది.

"ఇదెందుకు?"

"పెద్దల తత్వాలున్నాయి కదా స్వామీ. గ్రంథాన్ని పెట్టినట్టే గుడ్డ మీద పెట్టాను."

గురువుగారు నవ్వి, గుడ్డ తీసి భుజాన వేసుకున్నారు. లాప్‌టాప్‌ను ఉత్త చెక్క మీద పెట్టారు.

"భక్తి మంచిదే. ఊపిరి కూడా ఆడనివ్వాలి కదా నాయనా."

కాసేపటికి లాప్‌టాప్ చల్లబడి మళ్లీ వెలిగింది. శరభయ్య టైపు చేయబోతూ సుభద్రమ్మగారి వైపు చూశాడు. ఆవిడ ఇంకా తల ఎత్తలేదు. అతను చేతులు వెనక్కి తీసుకుని ఒళ్లో పెట్టుకున్నాడు.

"అమ్మా, మీకెలా వస్తే అలా పాడండి. ముందు వింటాను."

ఆవిడ కళ్లు మూసుకుని మొదటినుంచి పాడారు. మూడో చరణం దాటింది. నాలుగోది వచ్చింది, ఐదోది వచ్చింది. ఆ పాటకు ఐదే చరణాలని మఠంలో అందరూ అనుకునేవారు. గురువుగారు కూడా అయిపోయిందనే చేతులు జోడించారు.

సుభద్రమ్మగారు కళ్లు తెరవకుండానే ఆరో చరణం ఎత్తుకున్నారు.